తిరిగిన పిల్లలు రాయని పుస్తకం

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అన్న సామెతని మనం ఖండించినన్ని సార్లు మరే సామెతనీ ఖండించి ఉండం. సభల్లో ఖండించాం, వ్యాసాల్లో ఖండించాం, క్లాసుల్లో పిల్లల చేత ఖండింపజేశాం. అయినా అది మన సాహిత్యానికి చేసిన నష్టం ఎంతో సరిగ్గా లెక్క కట్టలేదనిపిస్తుంది. నాకు తోచినంతలో అది ఒక రకం రచనని పుట్టకుండానే ఆపేసింది. ముగ్గురో నలుగురో ఆడపిల్లలు, స్నేహితులు, ఎవరి వెంటా కాకుండా, ఏ పని మీదా కాకుండా, ఊరికే నాలుగు ఊళ్ళు తిరిగొచ్చి తిరిగింది తిరిగినట్టు రాసుకున్న తెలుగు పుస్తకం మన అలమారలో ఉండాల్సిన చోట ఖాళీ ఉంది.

"ఊరికే" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. "ఎక్కడికెళ్ళావురా?" అంటే మగపిల్లాడు "ఊరికే, అలా" అంటాడు. అక్కడితో మాటలు అయిపోతాయి. ఆడపిల్ల అదే జవాబు చెబితే అక్కడే మాటలు మొదలవుతాయి. భాష కూడా ఈ తేడాని దాచుకోలేదు. దేశదిమ్మరి అనగానే కళ్ళ ముందు నిలబడేది మగవాడే. తిరుగుబోతు అని మగవాణ్ణి అన్నప్పుడు అందులో కాస్త ముచ్చట కూడా కలుస్తుంది, ఆడదాన్ని అన్నప్పుడు ఉత్త తిట్టే మిగులుతుంది. యాత్రికురాలు అన్న మాట ఉంది గానీ దాని వెనకే కాశీయో తిరుపతో వచ్చి తగులుకుంటుంది. ఆడది కదలాలంటే కారణం కావాలి. ఆ కారణం ఇంటికి పనికొచ్చేదో, దేశానికి పనికొచ్చేదో, పరలోకానికి పనికొచ్చేదో అయి తీరాలి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆ దినచర్య 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయింది. తెలుగు యాత్రాసాహిత్యం గురించి ఎవరు మాట్లాడినా అక్కణ్ణుంచే మొదలుపెడతారు, సబబే. ఆ పెద్ద పరివారంలో ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ పదిహేను నెలల్లో వాళ్ళ కళ్ళకి ఏ ఊరు ఎలా కనబడిందో చెప్పే పుస్తకం రెండోది లేదు. 1873లో ఇంగ్లండు వెళ్ళిన పోతం జానకమ్మ మాత్రం రాసింది. 1876లో మద్రాసులో ఆ పుస్తకం అచ్చయింది, తెలుగు నుంచి అనువాదం అన్న మాటతో, ఇంగ్లీషులో. సముద్రం దాటిన తొలి తెలుగు యాత్రికురాలి మాట మన చేతికి పరాయి భాషలో వచ్చింది. అట్ట మీద ఆమె పేరు చివర భర్త రాఘవయ్య పేరుంది. ప్రయాణమూ ఆయన వెంటే. నేను దాన్ని తక్కువ చెయ్యడం లేదు. ఆ కాలానికి అది చిన్న సాహసం కాదు. కానీ తోవ ఎలా పడిందో చూడండి. భర్త వెంట వెళ్ళడం ఒక తోవ. బండారు అచ్చమాంబ ఊరూరూ తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించడం, సంస్కరణ కోసం వెళ్ళడం, ఇంకొక తోవ. 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ స్త్రీల ఓటుహక్కు మహాసభకి రుక్మిణీ లక్ష్మీపతి భారతదేశం తరఫున వెళ్ళింది. అది ప్రతినిధి తోవ. అబ్బూరి ఛాయాదేవి గారి 'చైనాలో ఛాయాచిత్రాలు' (తన పేరుతో తనే చమత్కారం చేసుకోగలగడం ఆవిడకే చెల్లింది), నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' మనకున్న మంచి యాత్రాకథనాలు. అవి రాసేనాటికి ఇద్దరికీ పేరుంది, సాహిత్యలోకంలో ఒక కుర్చీ ఉంది. ఇరవై మూడేళ్ళ, పేరూ ఊరూ లేని పిల్ల తిరిగొచ్చి రాస్తే? రాహుల్ సాంకృత్యాయన్ తన 'ఘుమక్కడ్ శాస్త్రం'లో ఆడవాళ్ళ సంచారానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. విశాఖలో ఆచార్య ఆదినారాయణ గారు 'స్త్రీ యాత్రికులు' అని ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. తిరగండమ్మా అని పుస్తకాలు రాసి చెప్పినవాళ్ళు మగవాళ్ళే కావడం కూడా గమనించదగ్గ సంగతి.

ఇక సంఖ్యలో చూస్తే, ఈ ముప్పై ఏళ్ళలో విదేశాలకి విమానమెక్కిన తెలుగు ఆడవాళ్ళలో ఒక పెద్ద వర్గం అమ్మలు, అత్తలు. కారణం పురుడు. కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయంటే వీసా, కారప్పొడి, నెయ్యి, పాత మెత్తటి చీరల ముక్కలు. ఆరు నెలలు అమెరికాలో ఉండి, బాల్కనీ అద్దంలోంచి మంచు చూసి, ఒక్కసారి నయాగరా దగ్గర ఫోటో దిగి తిరిగొచ్చిన ఆ తల్లులు పత్రికల్లో రాసిన అనుభవాలు పోగేస్తే ఓ పరిశోధన గ్రంథం అవుతుంది. ఎవరైనా పిల్లలు పీహెచ్.డీ.కి తీసుకోవాలి. వాటిని వెక్కిరించేవాళ్ళంటే నాకు చిరాకు. వాళ్ళు చూసింది వంటింటి కిటికీలోంచి అయితే, ఆ కిటికీ దగ్గర నిలబెట్టింది ఎవరు?

సినిమా సంగతి వేరే. యూరప్ చలిని తెలుగు ఇళ్ళలోకి తెచ్చింది సాహిత్యం కాదు, పాట. స్విట్జర్లాండు మంచు మీద నాయకుడు మెడదాకా కోటూ బూట్లూ వేసుకుని, నాయిక పల్చటి షిఫాన్ చీర కట్టుకుని. ఆ చలిలో ఆమె ఒళ్ళు గడ్డకట్టుకుపోదా అని మా అమ్మమ్మ టీవీ ముందు అడిగేది. అంతకన్నా మంచి స్త్రీవాద సినిమా విమర్శ నేను ఇంకా చదవలేదు. పాటలు వదిలి కథలకి వద్దాం. మన నర్సీపట్నం వైపు పెరిగిన పూరి జగన్నాథ్ తీసిన 'ఇద్దరమ్మాయిలతో' (2013) బార్సిలోనాలో జరుగుతుంది. చదువుకోడానికి వెళ్ళిన సంప్రదాయ కుటుంబపు పిల్ల ఒక డైరీ రాస్తుంది, ఇంకో పిల్ల ఆ డైరీ చదువుతుంది. వినడానికి ఎంత బాగుంది! యూరప్‌లో ఉన్న ఒక తెలుగు పిల్ల రాత, దానికి ఇంకో పిల్ల పాఠకురాలు. తీరా తెరిస్తే ఆ డైరీ నిండా అతనే. ఊరు లేదు, చదువు లేదు, చలి లేదు. 2018లో వచ్చిన 'ఈ నగరానికి ఏమైంది'లో నలుగురు మగపిల్లలు తాగిన మత్తులో గోవాలో తేలతారు. కారణం అక్కర్లేదు, మత్తు చాలు. అది చూసి మన పిల్లలందరం నవ్వాం, బాగుంది కాబట్టే నవ్వాం. నలుగురు ఆడపిల్లలు అలా తేలితే అది హాస్యచిత్రం అవుతుందా, నేరవార్త అవుతుందా? హిందీ 'క్వీన్' (2014)లో పెళ్ళి తప్పిపోయిన పిల్ల ఒంటరిగా పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి హాస్టల్ గది ముగ్గురు మగవాళ్ళతో పంచుకుంటుంది. దాని తెలుగు రూపం 'దటీజ్ మహాలక్ష్మి' తీశారు గానీ అది ఏళ్ళ తరబడి డబ్బాలోనే ఉండిపోయింది. వ్యాపార కారణాలే అయుంటాయి. అయినా ఆ ఖాళీ చూస్తే సామెతే గుర్తొస్తుంది.

ఇంత సేపూ ఖాళీ గురించే మాట్లాడాను. నిజానికి ఈ వ్యాసం రాయించింది ఖాళీ కాదు, ఒక రాత. అనకాపల్లిలో డిగ్రీ దాకా నా దగ్గర తెలుగు చదివి, జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్న ఒక అమ్మాయి ఫోన్లో రాసుకున్న నోట్సు. కాగితం మీదకి తెస్తే నలభై పేజీలు. 2024 డిసెంబరు 23 నుంచి 2025 జనవరి 1 దాకా, ముగ్గురు స్నేహితురాళ్ళు, వీపున ఒక్కో సంచి, తూర్పు జర్మనీ నుంచి ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్. నాకు చదవడానికి పంపింది, దాని గురించి రాయడానికి ఒప్పుకుంది, అచ్చు వెయ్యడానికి ఒప్పుకోలేదు. పేరు చెప్పొద్దంది, విశ్వవిద్యాలయం పేరూ వద్దంది, వాక్యాలు యథాతథంగా దించొద్దంది. అచ్చుకాని పుస్తకం మీద విమర్శ రాయడం ఏమిటని మీరు అడగొచ్చు. ఆడవాళ్ళ రాతల్లో అచ్చుకానివే ఎక్కువన్నది మనం ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదే కదా.

నోట్సు ప్రయాణంతో మొదలవదు. అబద్ధాల పట్టీతో మొదలవుతుంది. ముగ్గురూ ఇళ్ళల్లో ఏం చెప్పారో వరసగా ఉంటుంది. అనకాపల్లి ఇంట్లో ప్రాజెక్టు పని. వరంగల్ వైపు పిల్ల ఇంట్లో, వియన్నాలో ఉన్న సీనియర్ అక్క ఇంటికి. గుంటూరు వైపు పిల్ల ఇంట్లో, చర్చి కూటం. పని, బంధుత్వం, దైవం. పైన నేను చెప్పిన తోవలన్నీ మూడు ముక్కల్లో వచ్చేశాయి. జానకమ్మ తర్వాత నూట యాభై ఏళ్ళకి కూడా "ఊరికే" అన్న మాటని ఈ పిల్లలు ఇంటి గుమ్మం దాటించలేకపోయారు. చదువు కోసం ఏడు వేల కిలోమీటర్లు పంపిన ఇళ్ళే ఇవి. ఒకరింట్లో ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు, ఏడాది ఖర్చుకని బ్యాంకులో ముందే 11,904 యూరోలు కట్టి చూపించారు. చదువుకి దేశం దాటొచ్చు, సెలవుకి ఊరు దాటకూడదు.

ఈ పిల్ల లంబసింగి చూడలేదు. అనకాపల్లి నుంచి నర్సీపట్నం మీదుగా ఆ కొండ మీదకి డిసెంబరులో మా ఊరి మగపిల్లలు తెల్లవారుజామున మూడింటికి బైకులు తీస్తారు, పొగమంచు ఫోటోలు పెట్టుకుంటారు. ఆడపిల్లలకి ఆ వేళ రోడ్డు మీద పనుండేది ధనుర్మాసంలో ముగ్గు పెట్టడానికే. నాలుగింటికి, చీకట్లో, ఒంటరిగా, ఎవరూ ఏమీ అనరు. కాకపోతే ఆ రోడ్డు గేటు దగ్గర మొదలై గేటు దగ్గరే అయిపోతుంది. నోట్సులో ఈ పోలిక ఆ పిల్లే చేసింది. లంబసింగి మంచు చూడకుండానే ప్రాగ్ మంచు చూసినందుకు ఆమెకి సంతోషం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. నాకు నచ్చింది ఆ కోపమే.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించిన భాగం చీకటి గురించి. మధ్య యూరప్‌లో డిసెంబరు చివర సాయంత్రం నాలుగింటికే పొద్దుగుంకిపోతుంది. అప్పుడు మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నర. వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేసే వేళ అదే. "ఏటే, అప్పుడే సీకటైపోనాదా అక్కడ? రూములోనే ఉన్నావు గదా?" అని ఆవిడ. రూములోనే ఉన్నానని ఈ పిల్ల, వంతెన మీద దీపస్తంభం పక్కన నిలబడి. "చీకటి పడేలోగా ఇంటికి రా" అన్నది ఆడపిల్ల పుట్టినప్పటి నుంచి వినే చట్టం. నాలుగింటికే చీకటి పడే చోట ఆ చట్టం పాటిస్తే లైబ్రరీ లేదు, పార్ట్‌టైమ్ ఉద్యోగం లేదు, కూరగాయల దుకాణం లేదు. మొదటి శీతాకాలం ఆ పిల్ల నాలుగయ్యేసరికి గుండె దడతో గదికి పరిగెత్తేదట. రెండో శీతాకాలానికి ఒంట్లో ఒక విషయం తేలిందంటుంది: చీకటి వేరు, రాత్రి వేరు, ప్రమాదం వేరు. మూడిటినీ కలిపి ఒకే మాటగా నేర్పారు తనకి. ప్రాగ్‌లో సాయంత్రం ఆరింటికి చిమ్మచీకట్లో ముగ్గురూ నది ఒడ్డున నడుస్తూ ఏ మగవాడి అడుగుల చప్పుడుకీ వెనక్కి తిరిగి చూడలేదని గమనించుకుంటారు. అంత నిబ్బరం కూడా ఒట్టిగా రాలేదు. పదింటి తర్వాత మళ్ళీ తిరిగి చూడటం మొదలైందని ఆ పక్కనే ఉంది. యూరప్ అంటే ఆడవాళ్ళకి స్వర్గమని ఆమె ఎక్కడా అనదు.

అనడానికి వీలూ లేదు. వీళ్ళు బయల్దేరడానికి మూడు రోజుల ముందు, డిసెంబరు 20న, మాగ్డెబర్గ్ క్రిస్మస్ సంతలోకి ఒకడు కారు తోలాడు. చనిపోయింది ఐదుగురు ఆడవాళ్ళు, తొమ్మిదేళ్ళ పిల్లాడు. గాయపడ్డవాళ్ళలో ఏడుగురు భారతీయులున్నారని మన విదేశాంగ శాఖ ప్రకటించింది. ఆ పని చేసినవాడు సౌదీ నుంచి వచ్చి స్థిరపడిన డాక్టరు. ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అక్కడ స్టేషన్లో చామనఛాయ మొహాలని జనం చూసే చూపు మారిందని ముగ్గురికీ అనిపిస్తుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క ముసలావిడ మాత్రం వీళ్ళ పక్కనుంచి లేచి వేరే బెంచీ మీద కూర్చుంది. గాలి కోసం లేచిందేమో అని ఒకరు, కాదేమో అని ఒకరు, ఆ వాదన రైలు కదిలేదాకా సాగుతుంది. బాధితులమా, అనుమానితులమా అని తేలని ఆ గంటసేపుని ఈ పిల్ల ఎంత నిదానంగా రాసిందంటే, అక్కడ నేను అధ్యాపకురాలిగా చదవడం మానేసి ఉత్త పాఠకురాలినైపోయాను.

డబ్బు లెక్కలు పేజీపేజీకీ ఉన్నాయి. యూరో, కొరునా, ఫోరింట్. పది మంది ఆడవాళ్ళ గదిలో మంచానికి ఎంత, బస్సుకి ఎంత, మరుగుదొడ్డికి ఎంత. ఆ చివరిది చదువుతుంటే ముగ్గురిలో ఒకరికి నెలసరి వచ్చిన రోజు లెక్క వేరేగా రాసుంది. మగ యాత్రికుల పుస్తకాల్లో ఈ పద్దు ఉండదు. అనకాపల్లి పిల్ల అనగానే మనం బెల్లం కోసం వెతుకుతాం. నోట్సులో బెల్లం ఒక్కచోటే వస్తుంది, సంచి బరువు పద్దులో, అర కిలో. జ్ఞాపకాల తీపి ఏమీ లేదు. తెల్లదొరల పిల్లలు ఏడాది పాటు సంచి వేసుకుని లోకం తిరగడం, చవగ్గా బతకడం ఒక ఆటలాగా ఎంచుకుంటారు. ఈ పిల్లలకి చవక ఎంపిక కాదు. ఏడాదికి 140 పూర్తి రోజులకి మించి పని చేయకూడదన్న నిబంధన లోపల గోడౌన్లో పెట్టెలు మోసి దాచుకున్న డబ్బు అది. సంచి ఒకటే గానీ దాన్ని మోసే వీపులు ఒకటి కాదు. ఆ మాటకొస్తే కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళూ సంచులతోనే వెళ్ళారు. వాళ్ళని యాత్రికులని ఎవరూ అనలేదు.

సినిమా షిఫాన్ చీరకి ఈ నోట్సులో మంచి జవాబుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న, మోకాళ్ళ దాకా వచ్చే మగవాళ్ళ కోటు. లోపల మూడు పొరలు. ముగ్గురూ మూటల్లా ఉన్నారని నవ్వుకుంటారు. ఆ కోటు వేసుకున్నాక ఒంటి మీద ఎవరి చూపూ ఆగకపోవడం, చున్నీ సర్దుకునే అలవాటు చేతుల్లోంచి పోవడం గురించి ఒక పేజీ రాసింది. ఇక్కడ నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించను. చలి వల్ల కప్పుకున్న ఒంటికి దొరికిన స్వేచ్ఛ మే నెలలో ఏమవుతుంది? ఆ ప్రశ్న దాకా వచ్చి ఆగిపోయింది.

ప్రాగ్‌లో క్రిస్మస్‌కి ముందు వీధుల్లో నీళ్ళ తొట్లు పెట్టి బతికున్న చేపలు అమ్ముతారు. మన బంగారుతీగ చేపే. ఆ పూట వాళ్ళ పండగ భోజనం అది. పండగ ముందు రోజు వీళ్ళు దిగేసరికి ఒకావిడ తొట్టి దగ్గర నిలబడి, నెత్తుటి ఆప్రాన్‌తో, గడ్డకట్టే నీళ్ళలో చేతులు పెట్టి చేప తీసి కోసి ఇస్తోంది. ఆ ఎర్రబడ్డ చేతుల్ని చూసి ఈ పిల్లకి పూడిమడక నుంచి గంపలతో వచ్చే చేపలమ్మే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. కోట గురించి నాలుగు వాక్యాలు రాసిన మనిషి ఆ చేతుల గురించి రెండు పేజీలు రాసింది. పొలుసు గీకే కత్తి వంపు, బేరం లేకపోవడం, డబ్బు తీసుకునే ముందు చెయ్యి తుడుచుకోవడం. 'చూసొచ్చాం' రకం రచనలకి ఇక్కడే తేడా తెలుస్తుంది. మన యాత్రాకథనాల్లో సగం మ్యూజియం పట్టికలు. ఎత్తెంత, కట్టిందెవరు, టిక్కెట్టెంత. పనిచేసే ఆడదాన్ని చూసి ఆగే కన్ను అరుదు.

ఇంత బాగా చూసే కన్ను పక్కనే ఉన్న మనిషిని ఎంత చూసింది? నా పేచీ అక్కడ.

గుంటూరు వైపు పిల్ల దళిత క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది. డిసెంబరు 24 రాత్రి ఆమె ప్రాగ్‌లో ఒక చర్చికి వెళ్తానంటే మిగతా ఇద్దరూ కూడా వెళ్ళారు. నోట్సులో ఆ రాత్రికి దక్కింది ఆరు వాక్యాలు. కొవ్వొత్తులు, పాట, చలి, అందం. ముగ్గురిలో ఒక్కరికి మాత్రమే అది పండగ. మిగతా ఇద్దరికీ దృశ్యం. మన ఊళ్ళల్లో క్రిస్మస్ నక్షత్రం ఏ పేటలో వేలాడుతుందో అందరికీ తెలుసు. ఆ వెలుగు చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు పేటలోకి నడిచి వెళ్ళరు. అదే నక్షత్రం, అదే కొవ్వొత్తి, వేల మైళ్ళ అవతల రాతి కట్టడం మీద కనబడితే సౌందర్యం అయిపోతుంది. స్నేహితురాలి ముత్తాతల కాలం నుంచి ఉన్న దేవుడు ఈ పిల్ల కళ్ళకి యూరప్ సామగ్రిగా కనబడ్డాడు. నిజానికి చరిత్ర అటునుంచి కూడా నడిచింది. 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. ఈ సంగతి నోట్సులో ఉంది, స్నేహితురాలు రైల్లో చెప్పిందని. చెప్పిన సంగతిని రాసుకుంది గానీ చెప్పిన గొంతుని వినలేదు.

వంట దగ్గర కూడా ఇదే. హాస్టల్ వంటగదిలో ఎవరు వండారు, ఎవరి గిన్నెలో, మాంసం గిన్నె వేరే ఉందా అన్నది పది రోజుల్లో ఒక్కసారీ రాదు. మరుగుదొడ్డి పద్దు దాచని మనిషి గిన్నె సంగతి ఎందుకు దాచింది? విదేశాల్లో తెలుగు విద్యార్థుల గదుల్లో కులం ఎలా ఆరా తీయబడుతుందో తెలియనివాళ్ళు లేరు. ఇంటిపేరు అడగడం, ఊళ్ళో ఏ వీధి అని అడగడం. ముగ్గురి మధ్యా అది లేదంటే, ఎలా లేకుండా పోయిందో రాయాలి. ఉందంటే అదీ రాయాలి. "మేం ముగ్గురం" అన్న మాట నోట్సు నిండా ఉంది. ఎంతో ఇష్టంగా చదివాను ఆ మాటని. తెలుగు ఆడపిల్లల రాతలో భర్తా బిడ్డలూ లేని "మేం" దొరకడం పండగే. కానీ ఆ "మేం" లోపల ఎవరు ఎవరికి చోటిచ్చారు, ఎవరు సర్దుకున్నారు అన్నది అడగకపోతే మనం ఇన్నేళ్ళు నేర్చుకున్నది ఎందుకు? ఎనభైల చివర స్త్రీవాద కవిత్వం "మేం" అన్నప్పుడు దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు అడిగిన ప్రశ్న ఇదే. ఇరవై మూడేళ్ళ పిల్ల ఆ చర్చలన్నీ చదివి ఉండనక్కర్లేదు. స్నేహితురాలు పక్కనే కూర్చుని ఉంది, అది చాలు.

స్నేహితురాలు ఊరుకోలేదు కూడా. ఫోన్లో రాసుకునే నోట్సుకి ఒక సౌకర్యముంది, పంచుకున్నవాళ్ళు పక్కన వ్యాఖ్యలు పెట్టొచ్చు. అర్ధరాత్రి చర్చి రాసిన చోట ఆ పిల్ల రాసిన వ్యాఖ్య ఉంది. దాన్ని దించకుండా సారాంశం చెప్తాను: ఇంత దూరం వచ్చి చూశావు, మా ఊరు రైల్లో ఒక్క రాత్రి ప్రయాణమే కదా, మా ఇంటి స్టార్ చూడ్డానికి వస్తావా అని. ఎకసెక్కమో, ఆహ్వానమో, రెండూనో. దాని కింద జవాబు లేదు. నలభై పేజీల్లో నేను మళ్ళీ మళ్ళీ తిరగేసింది ఆ ఒక్క వ్యాఖ్యనే. రచయిత్రి దాన్ని చెరిపేయకుండా నాకు పంపిందంటే, ఆమెకి కూడా అది మామూలు వ్యాఖ్య కాదని అర్థమవుతోంది.

ఎందుకు అచ్చు వెయ్యవని అడిగితే రెండు కారణాలు చెప్పింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వచ్చే ఏడాది పెళ్ళిచూపుల్లో కూర్చోబోయే పిల్ల డిసెంబరు రాత్రి బుడాపెస్ట్ వీధుల్లో ఉందని తెలుగులో అచ్చయితే అనకాపల్లిలో ఎవరో ఒకరు చదువుతారు. ఇంగ్లీషులో రాస్తే చదవరట. జానకమ్మ పుస్తకం ఇంగ్లీషులో దొరకడం నాకు అప్పుడు వేరేగా అర్థమైంది. యాత్రల వీడియోలు తీసి తెలుగులో పేరు తెచ్చుకున్న మగపిల్లల పేర్లు మా వీధి పిల్లలు టకటకా చెబుతారు. వాళ్ళు తిరిగినది వాళ్ళ సంబంధాలకి అడ్డం రాదు, పైగా అర్హత. ఈ పిల్ల మాత్రం వాట్సాప్ స్టేటస్ పెట్టేముందు చుట్టాల పేర్లు ఒక్కొక్కటీ తీసేసి పెట్టింది. ఎంతమందిని తీసిందో కూడా నోట్సులో రాసుకుంది: నూట పన్నెండు మంది.

రెండో కారణం, ఈ రాత తనొక్కదానిదే కాదంది. మిగతా ఇద్దరూ తమ వంతు రాస్తే అప్పుడు చూద్దామంది. వరంగల్ పిల్లకి రాయడం విసుగు. గుంటూరు పిల్ల రాస్తానందట, మొదట తన ఊరి డిసెంబరు రాసి, ఆ తర్వాత ప్రాగ్ రాస్తానని షరతు పెట్టింది. ఎన్ని పేజీలైందని మొన్న అడిగాను. పదకొండు అయ్యాయని, ఇంకా గుంటూరు దాటలేదని చెప్పింది మా పిల్ల.